మొలవని కానుక

"ఓడ సాయంత్రం కదులుతుంది. ధాన్యం బస్తాల్లో టైమ్ బాంబు ఉందట," అన్నాడు ఇంటెలిజెన్స్ చీఫ్ కొండలరావు. "ఆ ధాన్యమేమిటో తెలుసా?"

"ఉప్పునీళ్లు ముంచిన పొలంలోనూ పండే కొత్త వరి, సర్," అన్నాడు ఏజెంట్ గవర్రాజు. "శ్రీలంక రీసెర్చ్ స్టేషన్‌కి మన కానుక. బదులుగా వాళ్లు తెగులు తట్టుకునే విత్తనం పంపుతారు."

"ఆ ఇచ్చిపుచ్చుకోవడం ఆగిపోతే ఓ విదేశీ విత్తనాల కంపెనీకి పండగే. వెళ్లు."

బాంబు కబురు తెచ్చింది భ్రమరాంబ. ఆ కంపెనీలో ఉంటూ మనకు వార్తలు మోసే డబుల్ ఏజెంట్. ఆమె నవ్వితే అనుమానాలు పారిపోతాయి. గవర్రాజూ మనిషే కదా.

1979, విశాఖ పోర్టు. కస్టమ్స్ అధికారి వేషంలో గవర్రాజు, ట్రాన్సిస్టర్ రేడియోలా కనిపించే డిటెక్టర్‌ని ప్రతి బస్తా మీదా తిప్పాడు. అది కిక్కురుమనలేదు. క్లియరెన్స్ మీద సంతకం పెట్టేశాడు. క్రేన్ డ్రైవర్ ఎల్లాజీ బస్తాల్ని గాల్లోకి ఎత్తాడు.

కోనసీమలో పుట్టినవాడి అలవాటు కొద్దీ, కింద రాలిన వడ్లగింజ ఒకటి ఒలిచి పంటికింద వేసుకున్నాడు గవర్రాజు. పచ్చి గింజయితే పిండిలా నలగాలి. ఇది గట్టిగా టక్కుమంది.

ఉప్పుడు ధాన్యం. ఉడికించి ఆరబెట్టింది. ఏ నేలలో చల్లినా మొలవదు.

గవర్రాజుకి అప్పుడర్థమైంది. లేని బాంబును వెతికించి, చచ్చిన విత్తనానికి తన చేతే ముద్ర వేయించింది భ్రమరాంబ.

"ఎల్లాజీ, దించెయ్," అని గొంతు చించుకున్నాడు.

"ఏటి బాబూ, ఇప్పుడే కదా మీరే సంతకం ఎట్టీసినారు," అని విసుక్కుంటూనే ఎల్లాజీ ఓడ అంచు మీంచి బస్తాల్ని వెనక్కి తిప్పాడు.

అసలు బస్తాలు కంచరపాలెంలో భ్రమరాంబ గొడౌన్‌లో దొరికాయి. పట్టుబడ్డాక కూడా ఆమె నవ్వింది. "ఆలస్యమైంది. పోయినసారి ఓడలో వెళ్లినవీ ఉడికినవే."

బస్తాలు గుర్తుపట్టడానికి వచ్చిన డాక్టర్ సూర్యకాంతమ్మ, ఆ వరిని పుట్టించిన శాస్త్రవేత్త, గవర్రాజు వైపు తిరిగింది. "ఆ స్టేషన్ మన విత్తనం పంచిన రైతులు నేడో రేపో నారు పోస్తారు. మనల్ని నమ్మి వేరే విత్తనం ఉంచుకోలేదు. వెంటనే చెప్పండి గవర్రాజు గారూ."

ఫోన్‌లో చీఫ్ కటువుగా అన్నాడు. "నోరెత్తకు. దేశం పరువు."

పరువు వండుకుంటే కడుపు నిండుతుందా అని గవర్రాజుకి ఒళ్లు మండింది. తిన్నగా టెలిగ్రాఫ్ ఆఫీసుకి నడిచి, శ్రీలంక స్టేషన్‌కి టెలిగ్రాం రాసిచ్చాడు.

"విత్తనం చచ్చింది. చల్లకండి. తప్పు మాది. మంచిది పంపుతున్నాం."

క్లర్కు మళ్లీ చదవమంటే, క్యూ అంతటికీ వినిపించేలా చదివాడు.

రహస్యాలు దాచడానికి సర్కారు అతనికి జీతమిస్తోంది. ఇది బయటపెట్టడానికి అతనే ఎదురు డబ్బు కట్టాడు.