రైన పేరు మీద టికెట్

మా రూసె ఊళ్ళో, డాన్యూబ్ నది నీటిమట్టాలు లెక్కగట్టే ఆఫీసు నేలమాళిగలో ఒక సర్వరు ఉంది. రోజూ ఉదయం అది నెట్‌వర్కు దగ్గర టికెట్, అంటే లోపలికి అనుమతి, తీసుకుని పనిలోకి దిగుతుంది. టికెట్ పది గంటలే చెల్లుతుంది. మనుషులమైతే కినిట్ అనే ఆదేశం టైపు చేసి, పాస్‌వర్డు ఇచ్చి తీసుకుంటాం. మనిషి లేకుండా యంత్రమే తీసుకోవాలంటే పాస్‌వర్డు బదులు తాళంచెవి ఫైలు ఒకటి ఉంచాలి. మా సర్వరు, నాతో పనిచేసిన రాష్కో పేరు మీదున్న ఫైలు వాడేది.

రాష్కో పోయి నలభై రోజులైంది. మా ఆచారం ప్రకారం ఆఫీసు తలుపుకు అతని ఫొటోతో కొత్త సంతాప కాగితం అంటించారు. ఆ రోజే అతని పేరు తీసేయమన్నాడు వెలిన్, మా ఆఫీసరు. మా అక్క కొడుకు ఈడువాడు, నన్ను పిన్నీ అంటాడు. ఈ మధ్య రెండుసార్లు, చేసిన పనే చేయలేదనుకుని మళ్ళీ చేశాను. మూడోసారి జరిగితే పైవాళ్ళు ఇంటికి పంపేస్తారని ముందే చెప్పాడు. పుస్తకాలు చదివి నాకు నేనే నేర్చుకున్న పని ఇది. ఇదీ పోతే నాలో ఇంకేం మిగులుతుంది? అందుకే అన్నీ టైముతో సహా రాసుకుంటున్నాను.

పన్నెండూ ఐదు. రాష్కో ఫైలు తుడిచేశాను, పేరు తీసేశాను. సరిచూశాను. అలాంటి పేరు లేదంది యంత్రం. రాసుకున్నాను.

తర్వాత వెలిన్, నేను పైకి వెళ్ళాం. రాష్కో భార్య నలభయ్యో రోజని తెచ్చిన ఉడికించిన గోధుమలు తిన్నాం. రాష్కో ఉంటే చక్కెర చాలలేదని గొణిగేవాడని వెలిన్ నవ్వాడు. అరగంటకి కిందికొచ్చాం. నేలమాళిగ కిటికీలకు మంచు పట్టి మధ్యాహ్నమే మసకగా ఉంది. ఎక్కణ్ణుంచో తడి ఉన్ని వాసన...

నా పాస్‌వర్డు కొట్టాను. తప్పంది. మళ్ళీ కొట్టాను. తప్పు.

"మర్చిపోయావా, పిన్నీ?" మెల్లగానే అడిగాడు. కళ్ళజోడు పెట్టెలోంచి పాస్‌వర్డు రాసుకున్న కాగితం తీసిచ్చాను. చూసి తనే కొట్టాడు.

తప్పు.

అప్పుడు తన పాస్‌వర్డుతో లోపలికెళ్ళి, రైన అన్న నా పేరు వివరాలు తెరిచాడు. ఎవరి పేరు మీదైనా తాళంచెవి ఫైలు చేసేటప్పుడు పాత పాస్‌వర్డు అలాగే ఉంచమని చెప్పకపోతే, ఆ మనిషి పాస్‌వర్డు చచ్చిపోతుంది. కొత్తవాళ్ళు చేసే పొరపాటు. నాకూ ఎవరో ఫైలు చేశారు. పన్నెండూ ఇరవైకి. మేమిద్దరం పైన గోధుమలు తింటున్నప్పుడు.

మార్చినవారి పేరు దగ్గర... రాష్కో అని ఉంది.

డిస్కంతా వెతికాం. ఆ ఫైలు ఎక్కడా లేదు. కానీ దాంతో నా పేరు మీద ఎవరో తీసుకున్న టికెట్ మాత్రం చెల్లుతోంది.

"ఇంటికెళ్ళు పిన్నీ," గుసగుసగా అన్నాడు వెలిన్. "నువ్వేం మర్చిపోలేదు."

సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ మాటకి నాకు సంతోషమే వేసింది.

మర్నాడు వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. ఎనిమిదింటికి వెలిన్‌కు ఫోన్ చేసి, ఒంట్లో బాగాలేదు, రానన్నాను. అతని వెనకాల టకటకమని టైపు చేస్తున్న చప్పుడు.

"పిన్నీ... నువ్వు ఇంట్లో ఉంటే... ఇక్కడ నీ కుర్చీలో..."

టైపు చప్పుడు ఆగింది.

"ఎవరు వెలిన్, ఫోన్లో?" అని అక్కణ్ణుంచి ఒకావిడ అడిగింది.

అది నా గొంతే.