వెనక చక్రానికి రెండు చుక్కలు

పొద్దున్నే కుట్టు మిషనుకు నూనె వేయందే శంకరప్ప దాని ముందు కూర్చోడు. మదనపల్లెలో ముప్పై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాడు. ఆయన దృష్టిలో కీచుమన్న ప్రతిదానికీ మందు ఒకటే. ఆ రోజు మిషను పని అయ్యాక, వాకిట్లో ఉన్న కూతురి సైకిలు వెనక చక్రానికీ రెండు చుక్కలు వేశాడు. నిన్న వెన్నెల పుంగనూరు మీదుగా కుప్పం దాకా తొక్కిన సైకిలది. ఆ దుమ్ముకు వెనక బ్రేకు ఒకటే అరుపు.

కూతురితో ఆయనకు నాలుగు రోజులుగా మాటల్లేవు. బెంగళూరులో ఆఫీసు ఉద్యోగం మానేసి, తక్కువ ధరకు కొత్తగా వచ్చే సైకిల్ బ్రేకుల్ని పరీక్షించే పనిలో చేరిందని కోపం. "కాళ్లూ చేతులూ ఇరగ్గొట్టుకునేదానికా నిన్ను సదివించింది?" అనేశాడు. అన్నాక ఆయనకే ముద్ద దిగలేదు. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి నోరు రాక, ఇదిగో, ఈ నూనె చుక్కలు.

వెన్నెల కాఫీ తాగి హార్సిలీ హిల్స్ దారి పట్టింది. ఆమె వెళ్లిన మూడు గంటలకు శంకరప్ప భార్యతో గొప్పగా చెప్పాడు. "బ్రేకుకు నూనె ఏసినాలే. ఇంక అరవదు."

యశోదమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "యాడ ఏసినావు?"

"చక్రం నడుమ ఉండే ఆ రేకు బిళ్లకు. అది ఆయిల్ బ్రేకనే కదా ఆ పిల్ల అనేది?"

"అయ్యో దేవుడా! ఆ నూనె గొట్టం లోపల ఉండేదంట. బిళ్లకు జిడ్డు తగిల్తే బ్రేకే పట్టదంట. ఏలితో గూడా ముట్టగాకమ్మా అని నాకు పదిసార్లు సెప్పింది. నువ్వు మూతి ముడుసుకుని కూసుంటివి, యాల ఇంటావు!"

శంకరప్ప గబగబా ఫోన్ అందుకున్నాడు. వెన్నెల ఎత్తలేదు. కొండ ఎక్కేటప్పుడు బ్రేకుతో పనిలేదు. దిగేటప్పుడే ఉంది గండం. చెప్పులు కూడా వేసుకోకుండా టీవీఎస్ తీశాడు. ఘాట్‌లో ప్రతి మలుపు దగ్గరా రోడ్డు అంచు చూసుకుంటూ, చూడటానికి భయపడుతూ ఎక్కాడు.

వెన్నెల పైన పిట్టగోడ మీద కూర్చుని ఉంది. మోచెయ్యి గీసుకుపోయి రక్తం కారుతోంది.

"అప్పా! నువ్వేంది ఈడ?"

"ఏమైందమ్మా?"

"రెండు మలుపులు దిగినా. వెనక బ్రేకు పట్టలేదు. ముందు బ్రేకుతో ఆపబోయి గోడకు గీసుకున్నా. మళ్లీ పైకి నెట్టుకొచ్చినా." ఆమె ఫోన్ తీసి చూపించింది. "బ్రేకు పనికిరాదని కంపెనీకి రాసి పంపిస్తాండాను. నువ్వు సెప్పిందే నిజం. ఈ పని నాకొద్దు, ఆఫీసుకే పోతా."

ఆయన నాలుగు రోజులుగా కోరుకున్నది అదే. నోరు మూసుకుంటే చాలు. కానీ ఆ మోచేతి మీది రక్తం చూస్తూ మూసుకోలేకపోయాడు.

"పంపగాకమ్మా. తప్పు బ్రేకుది గాదు, నాది. పొద్దున నేనే నూనె ఏసినా."

వెన్నెల గోడ మీంచి ఒక్క ఉదుటున దిగింది. గట్టిగా అరిచింది. "సచ్చిపోయుందును అప్పా! ఒక్క మాట నన్ను అడగలేకపోయినావా?"

"నీతో మాట్లాడేదానికి మొగం సెల్లలేదమ్మా. అందుకే నూనె ఏసినా." శంకరప్ప రోడ్డు మీదే కూలబడి ఏడ్చేశాడు.

ఆమెకూ ఏడుపొచ్చింది. చాలాసేపటికి కళ్లు తుడుచుకుని సంచిలోంచి స్పిరిటు సీసా, కొత్త బ్రేకు ప్యాడ్లు తీసింది. "చక్రం పట్టుకో. ప్యాడ్లు నేను మారుస్తా. నువ్వు బిళ్లను గుడ్డతో బాగా తుడువు, జిడ్డు మిగలగూడదు."

రోడ్డు మీదే నాలుగుసార్లు ఆపి చూసుకున్నాకే ఆమె దిగింది. శంకరప్ప వెనకే టీవీఎస్ మీద, ప్రతి మలుపులోనూ తన బ్రేకును తానే గట్టిగా పిసుకుతూ దిగాడు. కొండ అడుగున, పొద్దున ఎక్కే ముందే పరీక్షకని రోడ్డు మీద గీసుకున్న సుద్ద గీత మీద వెన్నెల ఆగింది. ఫోన్‌లో రాసి, పైకి చదివింది.

"బ్రేకు బాగా పట్టింది. బిళ్లకు నూనె తగలకూడదని ఇంట్లో అందరికీ, ముఖ్యంగా అలిగినవాళ్లకు, ముందే చెప్పాలి."

శంకరప్ప తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "పంపించెయ్. రేపు యాడికి పోవల్లో సెప్పు, నేనూ వస్తా. నూనె డబ్బా మీ అమ్మకిచ్చి వస్తాలే."