కంటికాటా

"కళ్ళార్పొచ్చు, తల మాత్రం కదపకమ్మా," అన్నారు డాక్టర్ వకుళ.

ప్రసన్న ఊపిరి బిగబట్టింది. గడ్డం ఒక చిన్న పీట మీద ఆనించి, నుదుటికి వెడల్పాటి రబ్బరు పట్టీ కట్టించుకుని, కాకినాడ మెయిన్ రోడ్డులో నూకరాజు కంప్యూటర్ కొట్లో కౌంటర్ ముందు కూర్చుంది. ఎదురుగా అరచేతి పాటి తెర. దాని మీద తెల్లటి బంతి ఒకటి ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి పరిగెడుతోంది. చూడటానికి ఎప్పుడూ ఒకేలా ఉంది గాని, పక్కనున్న పెట్టె మాత్రం ఏదో పెద్ద రహస్యం తెలుస్తున్నట్టు టిక్కు టిక్కుమంటోంది.

నూకరాజు స్క్రూడ్రైవర్ చేత్తో పట్టుకుని మునివేళ్ళ మీద లేచి మరీ చూస్తున్నాడు. ఇరవై రెండేళ్ళుగా కంప్యూటర్లు బిగిస్తున్నాడాయన. ఎంత డబ్బుకి ఏ పార్టు పెట్టాలో కళ్ళు మూసుకుని చెబుతాడని పేరు. కానీ కొనేవాడి కళ్ళు తెరిపించి కొలవడం ఆయన కూడా ఎన్నడూ చూడలేదు.

టిక్కులు ఆగాయి. పెట్టె మీది కిటికీలో ఎర్రగా ఒక అంకె వెలిగింది. యాభై నాలుగు.

"అంటే పాసా, ఫెయిలా అండీ?" అంది ప్రసన్న గాభరాగా.

వకుళ నవ్వారు. "పరీక్ష కాదమ్మా, కొలత. చెప్పుల కొట్లో పాదం కొలవరూ, అలా."

ఆ పిల్ల గాభరాలో తప్పేం లేదు. ఆ రోజుల్లో గేమింగ్ అంటే ఆషామాషీ వ్యవహారం కాదు. ప్రభుత్వం దాన్ని ఆటల జాబితాలో చేర్చి అయిదేళ్ళయింది. మెయిన్ రోడ్డులో ఇంజనీరింగ్ కోచింగ్ బోర్డులన్నీ దింపేసి గేమింగ్ కోచింగ్ బోర్డులు ఎక్కించారు. ఫ్లెక్సీల మీద పిల్లల ఫొటోలూ, పక్కన ర్యాంకులూ మాత్రం మారలేదు. ప్రసన్న రొయ్యల మేత కంపెనీలో బిల్లులు వేస్తూ, సాయంత్రాలు డిప్లొమా చదువుతూ, మిగిలిన కాస్త సమయంలో అయిదుగురి జట్టులో ఆడుతోంది. ఇంకో మూడు నెలల్లో విశాఖపట్నంలో పోటీలు. ఎవరి కంప్యూటర్ వాళ్ళే తెచ్చుకోవాలి, లేకపోతే జట్టులో చోటు లేదు. ఏడాదిన్నర కూడబెడితే తేలింది నలభై అయిదు వేలు.

పాఠకుల కోసం ఆ పెట్టె సంగతి కాస్త విప్పి చెప్పాలి. గేములో కదిలేదేదీ నిజంగా కదలదు. తెర మీద ఒక బొమ్మ పోయి ఇంకో బొమ్మ వస్తుంది, అంతే. సెకనుకి ఎన్ని బొమ్మలొస్తే కదలిక అంత నున్నగా కనిపిస్తుంది. బొమ్మలు పెరగాలంటే గ్రాఫిక్స్ కార్డు పెద్దది కావాలి, మానిటర్ ఖరీదైనది కావాలి, ఇంతమందికీ కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ గట్టిది కావాలి. అయితే ఎక్కడో ఒకచోట మనిషి మెదడు ఇక చాలంటుంది. ఆపైన వెయ్యి బొమ్మలు వేసినా దానికి తేడా తెలియదు. ఆ చోటు ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుందని, దాన్ని కచ్చితంగా కొలవొచ్చని వకుళ ఆరేళ్ళు కష్టపడి తేల్చారు. తెర మీద బొమ్మల వేగం పెరిగినప్పుడల్లా, ఆ తేడా తెలిస్తే మెదడు చిన్నగా ఉలిక్కిపడుతుంది. నుదుటి పట్టీ ఆ ఉలికిపాటునే వింటుంది. ఉలికిపాటు ఆగిన అంకే ఆ మనిషి కొలత. నోటితో చెప్పాల్సిన పని లేదు. ఆ పెట్టెకి వకుళ ఇంగ్లీషులో మూరెడు పేరు పెట్టారు గాని, మెయిన్ రోడ్డు వారం తిరక్కుండానే దాన్ని కంటికాటా చేసేసింది.

"ఇప్పుడు చూడమ్మా," అని నూకరాజు కొటేషన్ కాగితం తీశాడు. "నీకు యాభై నాలుగు దాటి కనపడదు. అంచేత సెకనుకి అరవై బొమ్మలేసే మానిటర్ చాలు. నూట అరవై అయిదుది నీకు దండగ. మానిటర్ తగ్గింది కాబట్టి కార్డు చిన్నది చాలుద్ది. కార్డు తగ్గింది కాబట్టి ప్రాసెసర్ కూడా మధ్యరకం చాలు. ర్యామ్ మాత్రం రెండు పుల్లలు వేద్దాం. ఎస్‌ఎంపీఎస్ దగ్గర నేను పైసా తగ్గించను, మీ పేటలో కరెంటు సంగతి నాకు తెలుసు. మొత్తం ముప్ఫై ఎనిమిది వేలు."

"ఏడు వేలు మిగిలిందాండీ!"

"ఆయ్. డిప్లొమా పరీక్ష ఫీజు కట్టుకో."

ప్రసన్న మొహం చూసి వకుళకి కడుపు నిండిపోయింది. సరిగ్గా దీని కోసమే ఆవిడ యూనివర్సిటీ వాళ్ళని ఒప్పించి, మూడు నెలల ప్రయోగానికి ఆ పెట్టెని బజారుకి తెచ్చారు. తనకి కనపడని దాని కోసం ఎవరూ డబ్బు తగలెయ్యకూడదని ఆవిడ పట్టుదల.

మొదటి నెల తిరునాళ్ళే. కొనేవాళ్ళూ కొననివాళ్ళూ అందరూ వచ్చి గడ్డం ఆనించారు. నూకరాజుకి డెబ్భై ఒకటి వచ్చింది. ఎదురుగా చేపలమ్మే అప్పాయమ్మకి నూట పద్దెనిమిది వచ్చేసరికి బజారంతా నోరెళ్ళబెట్టింది. ఆవిడ మాత్రం "కదిలే చేపని చూస్తే ఏ సందున ముల్లుందో చెప్పేస్తానండి, ఇందులో ఏవుంది," అని బుట్ట ఎత్తుకుని పోయింది. వకుళ ఇవన్నీ రాసుకుంటూ, చేపలకీ చూపుకీ ఏమైనా లంకె ఉందా అని రెండు రోజులు తెగ ఆలోచించారు. నూకరాజు కొట్లో చౌక కంప్యూటర్లు వేడి పకోడీల్లా అమ్ముడుపోయాయి.

రెండో నెల ఒక లెక్చరర్ గారొచ్చారు. నలభై నాలుగు వచ్చింది. ఆయన అటూ ఇటూ చూసి, "నూట అరవై అయిదు మానిటర్ ఇవ్వండి," అన్నారు.

"మీకు కనపడదు కదండీ?" అన్నాడు నూకరాజు.

"నాకు కనపడకపోతే ఏమండీ, నా మానిటర్ అందరికీ కనపడుతుందిగా!"

మనవాళ్ళ చేతికి ఒక అంకె దొరికితే చాలు, దాన్ని ర్యాంకు చేసిందాకా నిద్రపోరు. కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల మీద ఫొటోల కింద కంటి అంకెలు వచ్చేశాయి. అరవై మానిటర్ ఇంట్లో ఉందంటే ఆ ఇంట్లో కళ్ళు నాసిరకమని అర్థం. నూకరాజు కొట్లో చిన్న కార్డులు పెట్టెల్లోనే ఉండిపోయాయి. ఇదివరకు యాభై వేలతో తృప్తి పడినవాళ్ళు ఇప్పుడు లక్ష తెచ్చి పెద్దవి పట్టుకెళుతున్నారు. తక్కువ అంకె వచ్చినవాడే ఎక్కువ ఖర్చు పెడుతున్నాడు. వకుళకి తల తిరిగిపోయింది.

ఒక మంగళవారం మధ్యాహ్నం ప్రసన్న కంప్యూటర్‌ని ఆటోలో వేసుకుని వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నూకరాజుగారూ, ఇది వెనక్కి తీసుకుని పెద్దది ఇవ్వండి. మిగతాది నా పరీక్ష ఫీజులోంచి ఇచ్చేస్తాను."

"ఏవైందమ్మా?"

జట్టు కెప్టెన్ ఫణీంద్ర ఆమె మానిటర్ చూశాడట. అరవై అని స్టిక్కర్ చూసి, కంటి అంకె అడిగాడట. చెప్పిందట. దాంతో ఆమె చోటు ఇంకొకరికి ఇస్తానన్నాడట.

నూకరాజు అప్పటికప్పుడు ఫణీంద్రకి కబురు పెట్టాడు. వకుళ కూడా ఉన్నారు. కుర్రాడు మర్యాదస్తుడే, వచ్చి నిలబడ్డాడు.

"గడిచిన పది ఆటల్లో మీ అందరికన్నా ఈ అమ్మాయే బాగా ఆడిందటగా?" అన్నారు వకుళ.

"అది అప్పుడండీ. అప్పుడు మాకు అంకె తెలీదు కదండీ."

వకుళ ఓపిగ్గా చెప్పారు. ఈ పెట్టె కొలిచేది చూపు ఎక్కడ ఆగుతుందో మాత్రమేననీ, ఆటలో గెలిపించేది ముందుగా ఊహించే బుర్రా, అదిరిపోని చెయ్యీ అనీ, వాటిని కొలిచే పెట్టె ఇంకా పుట్టలేదనీ అన్నారు. అంతా చెప్పి, "ఇంతకీ నీ కొలత ఎంత బాబూ?" అని అడిగారు.

"నాకెందుకండీ మేడంగారూ! నా మానిటర్ నూట అరవై అయిదు." ఫణీంద్ర చేతులు కట్టుకున్నాడు. "మీరు పెద్దవారు, మీతో వాదించలేనండి. శుక్రవారానికి పేర్లు పంపెయ్యాలి."

అతను వెళ్ళాక ప్రసన్న ఫీజు కవరు కౌంటర్ మీద పెట్టింది. ఆ కవరు చూస్తే నూకరాజుకి ఒళ్ళు మండింది. కనపడని బొమ్మల కోసం ఆ పిల్ల చదువు ఆపేస్తుందా? ఇరవై రెండేళ్ళలో పనికిరాని పార్టు ఒక్కటి ఎవరికీ అంటగట్టలేదు తను. కవరు వెనక్కి తోసేశాడు.

రిపేరు అటక మీద కాలిపోయిన పెద్ద కార్డు ఒకటి ఉంది. మూడు ఫ్యాన్లు, రంగుల లైట్లు, ఇటుకంత సైజు. దాని లోపలి పలక తీసి పారేసి, ఆ డొల్లలో ప్రసన్న చిన్న కార్డుని ఇరికించాడు. క్యాబినెట్ అద్దంలోంచి చూస్తే మహారాజులా ఉంది. మానిటర్‌కి నూట అరవై అయిదు స్టిక్కర్ వేశాడు. లోపల సెట్టింగుల్లో పేరు చూస్తే దొరికిపోమా అని తెలివైన పాఠకులు అడుగుతారు. అక్కడ పేరు మార్చడానికీ, తెర మూలన కనపడే బొమ్మల లెక్కని పెంచి చూపడానికీ చిన్న ప్రోగ్రాం ఒకటి వేశాడు. ఇరవై రెండేళ్ళ అనుభవం ఊరికే పోతుందా!

"ఇది మోసం కాదూ?" అన్నారు వకుళ.

"మోసమేనండి," అన్నాడు నూకరాజు తలెత్తకుండా. చెవులు ఎర్రబడ్డాయి. "కాకపోతే ఎవరి సొమ్మూ పోలేదండి."

గురువారం ఫణీంద్ర ఆ క్యాబినెట్ చూశాడు. శుక్రవారం పంపిన పేర్లలో ప్రసన్న పేరుంది.

ఆ తర్వాత జరిగింది ఎవరూ ఊహించలేదు. ప్రసన్న ఇదివరకటి కన్నా బాగా ఆడసాగింది. వకుళ ఆసక్తి కొద్దీ మళ్ళీ పట్టీ కట్టి కొలిచారు. అదే యాభై నాలుగు, ఒక్క గీత కూడా పెరగలేదు. "పక్కనుండి నా కళ్ళ వంక జాలిగా చూసేవాళ్ళు లేరండీ ఇప్పుడు," అంది ప్రసన్న.

జట్టు వరసగా గెలుస్తోంది. పోటీలకి ఇంకా పది రోజులుందనగా ఫణీంద్ర తన క్యాబినెట్ మోసుకుంటూ కొట్లోకి వచ్చాడు.

"నూకరాజుగారూ, ప్రసన్నకి ఏ కార్డు వేశారండీ? అది పెట్టినప్పట్నించీ ఎలా ఆడుతుందో చూశారా? నాకూ అదే కావాలి."

నూకరాజు ఆ క్యాబినెట్‌లోకి తొంగి చూశాడు. ఇతనికున్నది అసలు సిసలైన పెద్ద కార్డు. నిజం చెబితే ప్రసన్న చోటు పోతుంది. ఆయన బిక్కమొహం చూసి వకుళ ముందుకొచ్చారు. ఆవిడ కళ్ళలో కొత్త ప్రయోగం దొరికిన మెరుపు.

"ఆ కార్డు మనిషికి తగ్గట్టు సెట్ చెయ్యాలి బాబూ. ఒక్క నిమిషం ఇక్కడ గడ్డం ఆనించు."

సెట్టింగు అనేసరికి ఫణీంద్ర బుద్ధిగా కూర్చున్నాడు. వకుళ పెట్టెని తనవైపు తిప్పుకున్నారు. టిక్కులు ఆగాయి. నలభై ఏడు.

ఆవిడ నూకరాజు వంక చూసి చిన్నగా తలూపారు. చిన్నది చాలు.

గంటన్నరలో ఇంకో డొల్ల తయారైంది. పెద్ద కార్డు తను ఉంచుకుని, రెంటి ధరకీ ఉన్న తేడా పదకొండు వేలు నూకరాజు తిరిగి ఇచ్చాడు. గట్టిగా బేరమాడి సాధించానని ఫణీంద్ర మురిసిపోయాడు. అక్కడే ఒక ఆట ఆడి చూశాడు.

"అబ్బ! వెన్నలా పోతుందండీ బాబూ!" అన్నాడు. "ఇన్నాళ్ళూ నేను చూసింది చూపే కాదండీ!"

అతను ఊరంతా చెప్పాడు. రెండు రోజుల్లో నూకరాజు కొట్టు ముందు వరస కట్టారు. అందరికీ ప్రసన్న కంప్యూటరే కావాలి. నూకరాజు పక్కూళ్ళ రిపేరు కొట్లన్నీ తిరిగి కాలిపోయిన కార్డులు పోగేశాడు. ఒక్కొక్కరికీ కొలిచి, సరిగ్గా వాళ్ళ కంటికి చాలినంత పార్టులే బిగించి, వాటికి తగిన డబ్బే తీసుకుంటున్నాడు. డొల్లకి మాత్రం మూడొందలు. మెయిన్ రోడ్డులో ఎవరూ అనవసరంగా ఒక్క రూపాయి పెట్టడం లేదు. ఆ సంగతి వాళ్ళకి తెలియదు, అంతే.

ప్రయోగం గడువు దగ్గర పడింది. వకుళ లాప్‌టాప్ ముందు పెట్టుకుని కూర్చున్నారు.

"నేను అనుకున్నది అక్షరాలా జరిగింది నూకరాజుగారూ. నూట నలభై మంది సరైన పార్టులు కొన్నారు. కానీ ఎలా జరిగిందో రిపోర్టులో రాస్తే, మర్నాడే అందరూ వాటిని తెచ్చి మీ మొహాన కొడతారు."

"నా మొహం సంగతి వదిలెయ్యండి. ఆ పిల్ల రేపు విశాఖపట్నం బండెక్కుతుందండి. మీరు రాస్తే దారిలోంచే దింపేస్తారు."

వకుళ చాలాసేపు తెర వంక చూశారు. ఆరేళ్ళ కష్టం. లోకానికి చెప్పుకోవాల్సిన ఫలితం. ఆవిడకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. లాప్‌టాప్ మూసేశారు.

నూకరాజు వైర్లకి చుట్టే నల్ల టేపు ఒక ముక్క తెంపి, కంటికాటా మీద అంకె వెలిగే కిటికీకి అడ్డంగా అంటించాడు. టేపు అంచు ఎత్తితే వకుళకి మాత్రం కనపడుతుంది.

"తర్వాతెవరండీ?" అని పిలిచాడు.

బ్యాంకు ఉద్యోగి ఒకాయన వచ్చి గడ్డం ఆనించాడు. వెనక పాతికమంది మెడలు చాచి చూస్తున్నారు. టిక్కులు ఆగాయి. వకుళ టేపు అంచు ఎత్తి చూశారు. నలభై ఒకటి.

"ఎంతండీ?" అన్నాడాయన, గొంతు తగ్గించి.

వకుళ టేపుని మళ్ళీ వేలితో నొక్కి అంటించారు.

"నూట అరవై అయిదండీ," అన్నారు, వరసలో చివరివాళ్ళకి కూడా వినపడేలా.