దేవదారు బీరువాలో చేదు

"నన్నెవరో చంపాలని చూస్తున్నారు," అన్నారు రిటైరైన జడ్జిగారు, ఇంకా కుర్చీలో సరిగ్గా కూర్చోనైనా లేదు.

జేబురుమాలు విప్పి బల్ల మీద పరిచారు. అందులో సగం కాలిన సిగార్ ఉంది.

ఎదురుగా కూర్చున్న డిటెక్టివ్‌కి యాభై దాటాయి. ఆవిడ దగ్గర భూతద్దం ఏనాడూ లేదు. అయినా ఊరంతా ఆవిణ్ణి భూతద్దమ్మ అనే పిలిచేది. పక్కన నిలబడ్డ సహాయకుడు ఒకప్పుడు లెక్కల మాస్టారు. ఆయనకి ఎక్కాల మీద కూడా లేనంత గురి ఆవిడ మాట మీద ఉండేది.

"మొదట్నుంచీ చెప్పండి," అంది భూతద్దమ్మ.

"నేను జడ్జినైనప్పుడు మా ఆవిడ ఈ సిగార్లు కొని, దేవదారు బీరువా నిండా సర్దింది. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఆదివారం సాయంత్రం ఒక్కటే కాలుస్తాను. నాకు కాల్చడమే తెలుసు, దాచే వైనం తెలీదు. అదంతా ఆవిడే చూసుకునేది. వెన్నలాంటి పొగమ్మా అది! ఈ మధ్య చేదెక్కింది. ముక్కు మండుతోంది, తల తిరుగుతోంది, ఒళ్ళంతా చెమటలు. మొన్న ఆదివారం కుర్చీలోంచి పడిపోయాను."

"డాక్టరేమన్నారు?"

"గుండె గట్టిగానే ఉందన్నాడు."

"ఎవరిమీదైనా అనుమానమా?"

"అనుమానం ఏమిటి, కళ్ళారా చూశాను! మా అల్లుడు. ఇల్లరికం వచ్చాడు, పుస్తకాలు బైండింగ్ చేస్తాడు. నేను పడుకున్నాననుకుని మధ్యాహ్నం పూట బీరువా ముందు కూర్చుని, గిన్నెలోంచి ఏదో తీసి సన్నటి బ్రష్షుతో సిగార్లకి పూస్తున్నాడు. పాముకి పాలు పోశానన్నమాట. రేపు సాయంత్రంలోగా ఇల్లు వదిలి పొమ్మన్నాను. మా అమ్మాయి కూడా మొగుడి వెంటే పోతానంటోంది."

"ఏం పూశావని అతన్ని అడిగారా?"

"దొరికిన దొంగ నిజం చెబుతాడా?"

"అంటే సాక్ష్యం వినకుండానే తీర్పు చెప్పేశారు."

ఆవిడ సిగార్ ముక్కని వాసన చూసి మాస్టారికి అందించింది. ఆయన పీల్చి తుమ్మాడు.

"గుర్రపుశాలలా ఉందండీ!"

"అవును. అది గుర్తుంచుకోండి," అంది ఆవిడ, చెప్పులు వేసుకుంటూ.

జడ్జిగారి పడకగది కింది అంతస్తులో, వంటింటికి ఆనుకుని ఉంది. మంచం తలవైపు, గోడకి చేరవేసి ఆ బీరువా ఉంది. తలుపు తీస్తే దేవదారు వాసన గుప్పుమంది. లోపల ఒక మూల తడి స్పాంజి, అరల్లో వరసగా సిగార్లు. నడుముకి చుట్టిన కాగితపు పట్టీలు పసుపు తిరిగి, అంచులు నలిగి ఉన్నాయి.

భూతద్దమ్మ ఒక సిగార్ తీసి, పట్టీని మెల్లగా కిందికి జార్చింది. పట్టీ కింద ఉన్న ఆకూ, పక్కన ఉన్న ఆకూ ఒకే రంగులో ఉన్నాయి. తర్వాత అర వెనక చెయ్యి పెట్టి, వేలికొసకి అంటినదాన్ని మాస్టారికి చూపించింది. నశ్యంలాంటి గోధుమరంగు పొడి.

"విషమా?" అని గుసగుసలాడాడు మాస్టారు.

"ముందు ఆ గోడ మీద చెయ్యి వెయ్యండి."

ఆయన వేసి, చటుక్కున తీసేశాడు. గోడ వెచ్చగా ఉంది. అవతలి పక్క పొయ్యి.

"ఈ బీరువా ఎప్పుడూ ఇక్కడేనా?" అని అడిగింది ఆవిడ.

"లేదు, మేడ మీద చల్లటి గదిలో ఉండేది," అన్నారు జడ్జిగారు. "మోకాళ్ళు మొరాయించాక నేనే కిందికి దింపించాను. ఆ స్పాంజి తడపడం అల్లుడి పని. చూశారా, తాళంచెవి కూడా దొంగ చేతిలోనే!"

హాల్లో కూతురు పెట్టె సర్దుతోంది. ఆమె కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"మీ ఆయన ఏం పూశారమ్మా?" అని అడిగింది భూతద్దమ్మ.

"నాకూ చెప్పరండీ. 'మీ నాన్న ఏమన్నా పడతాను గానీ ఇది మాత్రం అడక్కు' అంటారు. చీమని చూస్తే పక్కకి తప్పుకుని నడిచే మనిషి ఆయన."

వీధివైపు గదిలో అల్లుడు ఒక పాత నిఘంటువుకి అట్ట అతికిస్తున్నాడు. సన్నటి బ్రష్షు, గిన్నెలో మైదా జిగురు. అతికిన చోట అతుకే కనబడటం లేదు.

"మీరు సిగార్లు కాలుస్తారా?"

"వాసనకే దగ్గొస్తుందండీ."

"మీ మావగారు మిమ్మల్ని హంతకుడంటున్నారు. తెలుసా?"

"తెలుసు." అతను అట్ట మీదినుంచి తల ఎత్తలేదు. "అననివ్వండి. పెద్దాయన."

అక్కణ్ణుంచి వాళ్ళు బజారులో ఉన్న పొగాకు దుకాణానికి వెళ్ళారు. దుకాణదారు సగం కాలిన ముక్కని వేళ్ళ మధ్య నలిపి, పెదవి విరిచాడు.

"రకం మంచిదేనమ్మా, కానీ పచ్చిది. కొత్త సిగార్ కుర్రాడి కోపం లాంటిది, అంతా ఘాటే. లోపల అమ్మోనియా ఉంటుంది, అందుకే ఈ గుర్రపుశాల కంపు. కొన్నేళ్ళు దేవదారు పెట్టెలో, చల్లగా, తగు మాత్రం తేమలో ఉంచితే ఆ ఘాటు దిగిపోయి రుచి పండుతుంది. అలవాటు లేనివాళ్ళు పచ్చిది కాలిస్తే కళ్ళు తిరిగి పడతారు."

"పెట్టెకి వేడి తగిలితే?"

"కొంప మునిగినట్టే. ఆకులో కంటికి కనబడని పురుగు గుడ్లుంటాయి. చల్లగా ఉన్నన్నాళ్ళూ నిద్రపోతాయి. వేడి తగిలిందంటే లేచి లోపల్నుంచి తినేస్తాయి. చివరికి చిల్లులూ పొడీ మిగులుతాయి."

"ఈ రకం ఈ మధ్య ఎవరైనా పెట్టెలకి పెట్టెలు కొన్నారా?"

"కొన్నాడొకాయన. చేతివేళ్ళకి జిగురు. ఇక్కడున్నంతసేపూ దగ్గుతూనే ఉన్నాడు!" అని నవ్వాడు దుకాణదారు.

మాస్టారి మొహం వాడిపోయింది. "అయితే అల్లుడేనాండీ?"

"అల్లుడే," అంది ఆవిడ. "కానీ ఏం చేశాడు, ఎందుకు చేశాడు అన్నది తేలాలి."

మర్నాడు అందరూ హాల్లో చేరారు. జడ్జిగారు వాలుకుర్చీలో కూర్చున్నారు. కూతురు పెట్టె పక్కన నిలబడింది, అల్లుడు గుమ్మం దగ్గర.

"ఇందులో విషం లేదు," అంటూ మొదలుపెట్టింది భూతద్దమ్మ. "ఏళ్ళ తరబడి పట్టీ చుట్టి ఉంటే దాని కింద ఆకు రంగు వేరుగా ఉండాలి. ఈ సిగార్ మీద ఆ జాడ లేదు. పట్టీ పాతది, సిగార్ కొత్తది. జడ్జిగారూ, ఏళ్ళుగా మీరు బాగా పండిన సిగార్లే కాల్చారు. ఒక్కసారిగా పచ్చివి కాల్చేసరికి ఒళ్ళు తట్టుకోలేదు. ఆ గిన్నెలో ఉన్నది మైదా జిగురు. మీ అల్లుడు పాత పట్టీలు ఊడదీసి కొత్తవాటికి అతికించాడు."

"మరి నా సిగార్లేవి? అమ్ముకున్నాడా?" జడ్జిగారు కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయారు.

"అవి..."

"అమ్మగారూ!" అల్లుడు ఒక్క అడుగు ముందుకు వేశాడు. "దణ్ణం పెడతాను, ఇక్కడితో ఆపండి. నేనే తీశాననుకోనివ్వండి. మేం వెళ్ళిపోతాం."

భూతద్దమ్మ అతనికేసి జాలిగా చూసింది. "మీరు మోస్తున్న బరువు మీది కాదు బాబూ. జడ్జిగారు నిజాన్ని తట్టుకోగలరు. కూతురు గడప దాటితే మాత్రం తట్టుకోలేరు." తర్వాత జడ్జిగారి పక్కన స్టూలు మీద కూర్చుని, గొంతు తగ్గించి చెప్పింది. "మేడ మీది చల్లటి గదిలోంచి బీరువా పొయ్యి గోడ పక్కకి వచ్చింది. ఆ వేడికి పురుగు లేచింది. గోడవైపు వరసలు ముందు పోయాయి, తర్వాత దాదాపు అన్నీ. స్పాంజి తడపబోతూ ఇతను చూశాడు. చెబితే, వాటిని అక్కడ పెట్టించింది ఎవరన్న మాట వస్తుంది. మీ ఆవిడ ఇచ్చినవి మీ చేతులతోనే పాడయ్యాయని మీకు తెలియకూడదనుకున్నాడు. అందుకే హంతకుడన్నా నోరు విప్పలేదు."

కూతురు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వెచ్చగా ఉంటే మంచిదే అనుకున్నానమ్మా," అన్నారు జడ్జిగారు చివరికి, చిన్నపిల్లాడిలా. "కంటి ఎదురుగా ఉంటాయని కిందికి తెచ్చుకున్నాను. చేతులారా నేనే..."

అల్లుడు గబగబా మేడ ఎక్కి వెళ్ళి, ఒక చిన్న పెట్టె తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాడు. "కొన్ని బతికాయి మావయ్యగారూ. ఐసులో పెట్టి పురుగు చంపి, మేడ మీద దాచాను. అత్తయ్యగారు పోయిన రోజున ఏటా ఒకటి ఇద్దామని."

జడ్జిగారు ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. కాల్చలేదు. తిరిగి పెట్టెలో పడుకోబెట్టి మూత వేశారు.

"నా కోర్టులో ఇంత తప్పుడు తీర్పు ఎవరిచ్చినా కొట్టేసేవాణ్ణి," అన్నారు అల్లుడి చెయ్యి పట్టుకుని. "నన్ను క్షమించు నాయనా. అమ్మాయ్, ఆ బట్టల పెట్టె లోపల పెట్టు."

కూతురు ఏడుస్తూనే నవ్వింది. మాస్టారు కళ్ళజోడు తుడుచుకునే పనిలో పడ్డాడు.

"ఆ కొత్తవాటిని మేడ మీద చల్లటి గదిలో పెట్టించు," అన్నారు జడ్జిగారు. "పదేళ్ళకి పండుతాయి."

"పదేళ్ళా మావయ్యగారూ?"

"అప్పటికి నేనుంటే నేను కాలుస్తా, లేకపోతే నువ్వు."

"నాకు అలవాటు లేదండీ, దగ్గొస్తుంది."

"పదేళ్ళు టైమిచ్చానుగా," అన్నారు జడ్జిగారు. "మెల్లగా నేర్చుకో."