ఆగిన బెల్టులో బిగువు

ఆ కోతమిల్లులో ఇంజను గదికీ రంపం షెడ్డుకీ నడుమ ఒక సందు ఉండేది. బెల్టు సందు అనేవాళ్లు. పట్టపగలు కూడా అందులోకి ఒంటరిగా పోయే మొనగాడు చుట్టుపక్కల ఏ మిల్లులోనూ పుట్టలేదు. ఇక రాత్రయితే... పిల్లి కూడా చుట్టూ తిరిగి పక్కదారిన పోయేది.

పైన తుప్పు పట్టిన రేకులు. రెండు పక్కలా చెమ్మ గోడలు. ఇంజను చక్రం నుంచి రంపం చక్రం దాకా, మోకాలి ఎత్తున ఒక వరస, తల ఎత్తున ఒక వరస, జానెడు వెడల్పు తోలు బెల్టు పరుగెడుతూ ఉండేది. మనిషి దాని పక్కనుంచే ఒదిగి నడవాలి. భుజం కాస్త అటు వాలిందా – చొక్కా పోతుంది. చొక్కా వెంట అందులోని మనిషీ పోతాడు.

తోలు తాత పోయింది ఆ సందులోనే.

తాత ఆ మిల్లుకి మొట్టమొదటి బెల్టు మేస్త్రి. తోలు కోసేదీ, కుట్టేదీ, బిగించేదీ ఆయనే. సందులో నిలబడే రంపం దగ్గర పనివాళ్లని గదమాయిస్తూ ఉండేవాడు. పనివాడైనా, యజమానైనా, ఆయన నోట అందరికీ ఒకటే పిలుపు – నాయనా. ఒక రాత్రి బెల్టు తిరుగుతూ ఉండగానే, చేతిలో నూనె డబ్బాతో, గోడకి ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ప్రాణం వదిలాడు. చూసినప్పుడు డబ్బా మూతి బెల్టు వైపే వంగి ఉందట.

అప్పట్నించి మొదలైంది ఏడుపు.

దుంగ రంపానికి తగలగానే సందులోంచి సన్నగా ఒక కేక వచ్చేది. అది పెరిగి పెరిగి, రేకులు వణికి, విన్నవాడి వెన్నులోకి దిగేది. ఆ కేక విని మూడు ఊళ్ల అవతల కుక్కలు మంచం కింద దూరేవంటే, అబద్ధమనేవాడు ఆ కుక్కలనే అడగవచ్చు.

రంపం వాళ్లు తమకు తోచిన ఉపాయం చేశారు. రాత్రి పని మొదలెట్టే ముందు తాత డబ్బాతోనే, తాత పేరు చెప్పి, బెల్టు మీద నూనె పోసేవాళ్లు. తాత పోసేది రెండు చుక్కలు. భయపడినవాడి చెయ్యి రెండు చుక్కల దగ్గర ఎందుకు ఆగుతుంది? పోసినకొద్దీ కేక పెరిగింది. కేక పెరిగినకొద్దీ ఇంకా పోశారు. చివరికి రాత్రి పనికి రానని ఒక్కొక్కడూ మానేశాడు.

ఆ మిల్లుకి కొత్తగా వచ్చిన ఫిట్టరు ఒకడున్నాడు. అతను చెప్పగా అతని బామ్మర్ది విన్నాడు, బామ్మర్ది చెప్పగా నేను విన్నాను. అందుకే నాకూ అతను బావే అయిపోయాడు. బెల్టుని బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి, ఎన్ని కిలోల బిగువుందో చెప్పేసేవాడు బావ. ఏనుగు తొండం నొక్కినా, అది మోయబోయే దుంగ బరువు చెప్పగలిగేవాడు. ఏనుగు దొరక్క ఆ విద్య అలా ఉండిపోయింది.

అలాంటి బావని కూడా భార్య ఒక్క మాటతో కూర్చోబెట్టింది. రాత్రి రంపం దగ్గర ఎవరూ నిలబడక, ఆ పని ఆమె తమ్ముడికి ఇచ్చారు మరి.

"వాడికి దెయ్యాల సంగతి నేను చెప్పలేదు. మీరూ చెప్పకండి, ఊరికే బెదిరిపోతాడు," అంది ఆమె అన్నం గిన్నె ముందు పెడుతూ. "కానీ ఆ బెల్టు తెగి వాడి మీద పడదని మీరు నాకు చెప్పాలి. చూసొచ్చి చెప్పాలి. మా అమ్మ పోతూ పోతూ వాణ్ణి నా చేతిలో పెట్టింది. పది వేళ్లతో పెట్టింది. పది వేళ్లతోనే ఇంటికి తీసుకురండి."

"నీ తమ్ముడి వేళ్లకి నాది పూచీ," అన్నాడు బావ, నవ్వుతూ.

ఆ నవ్వు ఆ రాత్రి సందు మొదట్లోనే ఆరిపోయింది.

బామ్మర్ది రంపం దగ్గర. బావ ఇంజను నడిపించి, లాంతరు పట్టుకుని సందులోకి దిగాడు. ముందు అంతా బాగానే ఉంది. బెల్టు తపతపమని కొట్టుకుంటూ పోతోంది. అవతల దుంగ రంపానికి తగిలింది.

కేక లేచింది.

చెవి పక్కనే... ఎవరో నోరు పెట్టి అరిచినట్టు. బావ గోడకి అతుక్కుపోయాడు. ఏదో తడిగా చెంప మీద పడింది. తుడుచుకుని లాంతరు దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. నల్లగా, జారుగా ఉంది.

రక్తం అనుకున్నాడు. వాసన చూశాడు – నూనె.

భయం వదిలిందని చెప్పను. భయం పక్కకి జరిగి బుర్రకి చోటిచ్చింది. ఇంజను ఆపి వచ్చాడు. వెంట తెచ్చుకున్న తూకం కాటా కొక్కెం బెల్టు నడుముకి తగిలించి, కాస్త పక్కకి లాగి, ముల్లు చూసి, సుద్దముక్కతో గోడ మీద లెక్క వేశాడు.

"ఏంటి బావా, గోడ మీద బొమ్మలా?" బామ్మర్ది షెడ్డులోంచి తొంగి చూశాడు.

"ఇటు రా. పై వరస నొక్కు. కింది వరస నొక్కు."

"రెండూ ఒకేలా ఉన్నాయి."

"ఉంటాయి మరి. ఆగిన బెల్టుకి రెండు వైపులా ఒకటే బిగువు. ఇది డెబ్బై, అది డెబ్బై. తిరిగేటప్పుడు అలా ఉండదు. లాగే వైపు బిగుస్తుంది, రెండో వైపు వదులవుతుంది. ఆ రెంటికీ ఉన్న తేడా ఉంది చూడు... రంపాన్ని తిప్పేది అదే. ఆ తేడాని బెల్టు వేగంతో హెచ్చవెయ్యి, ఎంత బలం అందుతోందో తేలిపోతుంది."

"ఎంత తేడా వస్తుందేం?"

"తోలు పొడిగా ఉంటే కింద వంద, పైన నలభై. అరవై కిలోల లాగుడు. నీ దుంగకి యాభై చాలు. ఇప్పుడు నూనెతో తోలుకి పట్టు చచ్చిపోయింది. ముప్పై లాగేసరికి జారుతోంది. చక్రం మీద తోలు జారే చప్పుడే ఆ కేక."

"ఇంతేనా? దీనికా అందరూ పారిపోయింది?" బామ్మర్ది పకపకా నవ్వాడు. "నువ్వు కూడా గోడకి బల్లిలా అతుక్కున్నావు, చూశాలే."

"నోర్ముయ్యి. పొట్టు తీసుకురా."

ఇద్దరూ రంపపు పొట్టు గంపలకి గంపలు తెచ్చి బెల్టు పొడవునా రుద్దారు. అంత పెద్ద బెల్టుని బావ ఒంటి చేత్తో తుడిచేశాడని నా దగ్గర ఒక పాఠం ఉంది గానీ, ఇద్దరూ తుడిచారనే చెబుతాను. తోలు గరుకుగా, పొడిగా తేలింది. తాత నూనె డబ్బాని బావ తీసి సందు మూల పెట్టాడు.

మళ్లీ ఇంజను నడిపించారు. మళ్లీ దుంగ తగిలింది. కేక లేదు.

బావ సందులో నిలబడి గుండె నిండా గాలి పీల్చుకున్నాడు. అప్పుడే... తల మీద ఎవరో చెయ్యి పెట్టి, మెల్లగా జుట్టు పైకి లాగారు.

వెంట్రుకలన్నీ నిక్కబొడుచుకుని బెల్టు వైపు వంగుతున్నాయి. వేలు చాపాడు. వేలి చివర్నుంచి నీలంగా ఒక మెరుపు టక్కుమని బెల్టు మీదికి దూకింది. బావ కెవ్వుమనబోయి ఆగాడు. పొడి తోలు రాపిడికి కరెంటు పుడుతుంది. చదివిందే. తెలిసిందే. తెలిసినా ఇంకో వేలు చాపలేదు.

ఇంటికెళ్లి భార్యకి ఏం చెప్పాలో మనసులో కూర్చుకుంటున్నాడు. కేక జారుడు వల్ల, జుట్టు రాపిడి వల్ల. నీ తమ్ముడికి ఏ భయమూ లేదు...

దబ్బుమని ఒక కుదుపు.

ఇంజను ఒక్కసారి ఉక్కిరిబిక్కిరై, దగ్గి, ఆగిపోయింది. బెల్టు ఆగింది.

నిశ్శబ్దం. ఎంత నిశ్శబ్దమంటే, లాంతరులో వత్తి కాలుతున్న చప్పుడు వినిపించేంత.

ఇంజనుకి ఏమైందో తర్వాత చూడవచ్చు. ముందు తుడిచిన తోలు సాగిందేమో చూద్దామని బావ చేతికందిన పై వరస నొక్కాడు. మెత్తగా, వదులుగా లోపలికి పోయింది. అలవాటుగా వంగి కింది వరస నొక్కాడు.

వేలు దిగలేదు.

ఇనప పలకలా ఉంది. నమ్మక కాటా తగిలించాడు. ముల్లు చూసి లెక్క కట్టాడు. పైన నలభై. కింద వంద.

బెల్టు ఆగి ఉంది. ఆగిన బెల్టుకి రెండు వైపులా ఒకటే బిగువు ఉండాలి. ఇందాక తన నోటితోనే చెప్పాడు. కానీ కింది వరస వంద కిలోల బిగువుతో, చీకట్లో, కదలకుండా... మెల్లగా కిర్రుమంటోంది.

ఎవరో అవతలి చక్రాన్ని పట్టుకుని ఉన్నారు.

అరవై కిలోల పట్టు. ఒక బక్క ముసలివాడి బరువంత. బావ కళ్లు సందు మూలకి వెళ్లాయి. డబ్బా అక్కడే ఉంది. మూతి గోడ వైపు పెట్టాడా, బెల్టు వైపు పెట్టాడా... గుర్తు లేదు. ఇప్పుడు బెల్టు వైపే ఉంది.

కాళ్లు కదల్లేదు. భయం ఒంటి నిండా నిండాక, ఆ భయం అడుగున ఎక్కడో బుర్ర ఇంకా లెక్క వేస్తూనే ఉంది. చక్రాన్ని ఎవరు పట్టుకుంటారు? రంపం ఇరుక్కుంటే చక్రం ఆగుతుంది. దుంగ మధ్యలో పళ్లు ఇరుక్కున్నాయి. నూనె ఉన్నన్నాళ్లూ అలా ఇరుక్కుంటే బెల్టు జారిపోయేది, రంపం మీద లాగుడు మిగిలేది కాదు. ఇప్పుడు తోలు పొడిగా ఉంది. జారలేదు. ఇంజనునే ఆపేసింది. లాగిన లాగుడంతా బెల్టులోనే, ఎక్కుపెట్టిన విల్లులా ఉండిపోయింది. దుంగ కాస్త వదిలితే చాలు – ఇంజను ఆగి ఉన్నా రంపం ఒక్క గెంతు గెంతుతుంది.

ఆ రెండు చుక్కల నూనె తాత ఎందుకు పోసేవాడో బావకి అప్పుడు అర్థమైంది.

అవతల బామ్మర్ది ఏం చేస్తుంటాడు? ఇంజను ఆగింది కాబట్టి రంపం చచ్చినట్టే అనుకుంటాడు. ఇరుక్కున్న చెక్కని పీకడానికి పళ్ల పక్కనే చెయ్యి పెడతాడు.

అరవాలి. బావ నోరు తెరిచాడు. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

కళ్ల ముందే బెల్టు ఫెళ్లుమని ఎగిరింది. గోడ నుంచి దుమ్ము రాలింది. రంపం షెడ్డులో ఒక్క క్షణం ఉక్కు గీరిన చప్పుడు, వెంటనే ఒక కేక. ఈసారి బెల్టుది కాదు. మనిషిది.

పది వేళ్లు...

సందులో ఎలా పరుగెత్తాడో బావకే తెలియదు. మోచేతుల తోలు గోడకి అప్పగించి షెడ్డులో పడ్డాడు. బామ్మర్ది నేల మీద కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ చంకల్లో దాచుకుని వణుకుతున్నాడు. పక్కన చెక్క ముక్క రెండుగా చీలి పడి ఉంది.

"చేతులు... చూపించు," అన్నాడు బావ. గొంతు ఇప్పుడు వచ్చింది.

బామ్మర్ది చేతులు చాపాడు. లాంతరు వెలుగులో బావ ఒక్కొక్క వేలూ పట్టుకుని లెక్కపెట్టాడు. ఒకసారి చాలక రెండోసారి లెక్కపెట్టాడు. అన్నీ ఉన్నాయి. చిన్న గీత కూడా లేదు.

"చెక్క మీద చెయ్యి వేశాను బావా. పీకబోతున్నాను. సరిగ్గా అప్పుడే నువ్వు సందులోంచి గట్టిగా అరిచావు కాబట్టి వెనక్కి తీశాను. తీయగానే చెక్క దానంతటదే ఊడి ఎగిరింది, రంపం గెంతింది. ఇంకొక్క క్షణం ఆలస్యమైతే..."

బావ తిరిగి సందు వైపు చూశాడు.

"అయినా ఒకటడుగుతాను," అన్నాడు బామ్మర్ది. అంత వణుకులోనూ నవ్వబోయాడు. "నువ్వు నన్ను ఒరేయ్ అంటావు, బామ్మర్దీ అంటావు, కోపం వస్తే గాడిదా అంటావు."

"అయితే?"

"ఇవాళ ఏంటి కొత్తగా... 'చెయ్యి తీ నాయనా' అన్నావు?"