మూసిన దిడ్డివాకిలి

మన ఫోన్లకు జవాబు చెప్పే సర్వర్లు పుట్టకముందే కేతకీపురంలో అలాంటిదొకటి ఉండేది. దాన్ని పలుకుల కోట అనేవారు. దేశాంతరం వెళ్ళినవాళ్ళు గాలికి చెప్పిన మాట ఆ కోటకు చేరి గూళ్ళలో భద్రంగా ఉండేది. కావలసినవాళ్ళు వచ్చి చెవి ఆనించి వినేవారు. లోకమంతటికీ ఎదురుగా సముద్రపు ఒడ్డున నిలబడ్డ కోట గనక, మంచివాళ్ళతోపాటు దొంగలు కూడా రోజూ దాని తలుపులు తట్టి చూసేవారు.

ఆ కోట సంరక్షకురాలు తరళ. వయసు చిన్నదైనా పనిలో దిట్ట. 'వాడని తలుపు గోడతో సమానం కావాలి' అని గురువు చెప్పిన మాట తు.చ. తప్పక పాటించేది. తాళాలు ఎప్పటికప్పుడు మార్పించేది, వచ్చిన ప్రతి పలుకునూ రాకపోకల పుస్తకంలో రాయించేది. అంత జాగ్రత్తగల మనిషి ఒక్కచోట మాత్రం చేజేతులా పొరపాటు చేసింది.

ఆమెను పెళ్ళాడవలసిన మకరందుడు ఓడ మీద వెళ్ళి మూడేళ్ళయింది. అతని పలుకులు సింహద్వారం దగ్గర ఉప్పు వర్తకుల పలుకుల వెనక నిలబడి, సాయంకాలానికి గానీ లోపలికి వచ్చేవి కావు. ఆ కాస్త ఆలస్యం కూడా తరళ ఓర్చుకోలేకపోయింది. సముద్రం వైపు గోడలో ఉన్న చిన్న తలుపు, పాత దిడ్డివాకిలి, అతని పలుకుల కోసమే తెరిపించి, అందులోంచి పంపమని కబురు చేసింది. దానికి కమ్మరి మొదట్లో బిగించిన తాళమే ఉంది. ఆ తాళంచెవి అతను చేసిన తాళాలన్నిటికీ పడుతుంది. రాకపోకల పుస్తకం అక్కడ లేనే లేదు. 'రేపు మూసేద్దాంలే' అనుకుంది తరళ. ఎనిమిది నెలలు గడిచినా ఆ రేపు రాలేదు.

వచ్చినవాడు ఛిద్రాక్షుడనే మాయావి. చిల్లు ఎక్కడుంటే అక్కడ దూరడమే వాడి బతుకు. ఒక ఉదయం చూసేసరికి గూళ్ళలోని పలుకులన్నీ రాళ్ళయి ఉన్నాయి. 'ఏడు రోజుల్లో కిరీటం ఇవ్వకపోతే వీటిని పొడి చేస్తాను' అని గోడ మీద రాసి ఉంది. చనిపోయిన కొడుకు గొంతు వినడానికి రోజూ వచ్చే ముసలమ్మ, ఆ రాయిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తరళ ఆమె ముఖం చూడలేకపోయింది.

ధవళకేతు మహారాజు ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పింది. "తప్పు నాదే, ప్రభూ. శిక్ష తిరిగొచ్చాక అనుభవిస్తాను. మా గురువు స్థిరమతిగారు ప్రతి పౌర్ణమికీ ఈ పలుకులకు నకలు తీసి, అడవి అవతల గుహలో దాస్తున్నారు. అది తెస్తాను, సెలవివ్వండి."

రెండు రోజులు నడిచాక ఒక లోయ అడ్డం వచ్చింది. తీగల వంతెన మొదట్లో ఒక ఎలుగుబంటి కాపలా ఉంది.

"నీ నడుముకున్న దిడ్డి తాళంచెవి ఎన్ని తాళాలు తీస్తుందో అన్ని మణుగుల బరువు ఈ వంతెనకి. అది పారేస్తేనే దాటగలవు" అంది ఎలుగు.

"పారేస్తే అతని పలుకు ఏ దారిన వస్తుంది?"

"అందరి పలుకులూ వచ్చే దారినే."

తరళ కళ్ళు మూసుకుని తాళంచెవిని లోయలోకి విసిరింది. దాంతోపాటు మకరందుడే దూరమైనట్టు ఆమెకు దుఃఖం పొర్లుకొచ్చింది.

గుహలో స్థిరమతి ముని అంతా విని, మూత బిగించిన శంఖం ఒకటి చేతికిచ్చాడు. "నకలు ఇందులో ఉంది. ముందు చిల్లు మూసి, ఆ తరవాత దీన్ని తెరు. లేకపోతే చిల్లికుండలో నీళ్ళు పోసినట్టే. ఎదురుచూడటం తప్పు కాదమ్మా. దొడ్డిదారి తెరిచిపెట్టి ఎదురుచూడటమే తప్పు."

తిరుగుదారిలో పచ్చని చిలుక ఒకటి భుజం మీద వాలింది. "రాజుగారు పంపారు. శంఖంలో సరుకు సరిగ్గా ఉందో లేదో, ఒక్కసారి మూత తీసి చూపించు" అంది.

"రాజుగారి చిలకవైతే ఈ వారపు సంకేతం చెప్పు."

చిలుక అటూ ఇటూ చూసి తుర్రుమంది.

ఏడో రోజు మధ్యాహ్నానికి తరళ కోట చేరింది. దిడ్డివాకిలికి రాయీ సున్నమూ పెట్టి గోడ కట్టించింది. తలుపు తలుపుకీ వేరే తాళం వేయించింది. ఆ తరవాతే శంఖం మూత తీసింది. రాళ్ళన్నీ ఒక్కసారిగా మాట్లాడాయి. ముసలమ్మ ఒళ్ళోంచి "అమ్మా" అన్న పిలుపు వినిపించింది.

పొద్దు వాలుతుండగా కొత్త గోడ అవతల ఎవరో తట్టారు.

"తరళా, నేను, మకరందుణ్ణి. మన దిడ్డి తెరు."

అదే గొంతు. తరళ గోడకు రెండు చేతులూ ఆనించింది. "నువ్వే అయితే సింహద్వారం దగ్గరికి రా. నువ్వు ఓడ ఎక్కేముందు మనం అనుకున్న సంకేతం చెప్పు."

"మూడేళ్ళు సముద్రం మీద ఉన్నాను. నన్ను కూడా వరుసలో నిలబెడతావా?"

"నిలబెడతాను" అంది తరళ. కళ్ళ నీళ్ళు ధారగా కారుతున్నాయి గానీ చేతులు మాత్రం గోడ మీదనుంచి కదల్లేదు.

అవతల గొంతు బతిమాలింది, తిట్టింది, చివరికి కీచుగా మారింది. చిల్లు దొరక్కపోతే ఛిద్రాక్షుడికి ఊపిరాడదు. కోట చుట్టూ మూడుసార్లు తిరిగి, పొగలా పలచబడి గాలిలో కలిసిపోయాడు.

"రాకపోకల పుస్తకం ఇకనుంచి నువ్వే స్వయంగా రాయాలి. అదే నీ శిక్ష" అన్నాడు రాజు.

ఆర్నెల్లు గడిచాయి. ఒక సాయంకాలం ఉప్పు వర్తకుల వెనకనుంచి ఎండకు నల్లబడ్డ మనిషి ఒకడు బల్ల ముందుకు వచ్చాడు.

"పేరు?" అంది తరళ తల ఎత్తకుండా.

"మకరందుడు."

కలం ఆగింది. అయినా అడగవలసింది అడిగింది. "సంకేతం?"

"మొగలిపొదలో పోయిన కుడికాలి పట్టీ."

ఆమె పేరు రాసింది. అక్షరాలు కన్నీటికి అలుక్కుపోయాయి.

"తిన్నగా దిడ్డి దగ్గరికి పోయి ఉంటావనుకున్నాను" అంది.

"ముందు అక్కడికే వెళ్ళాను. గోడ కట్టేసి ఉంది. హమ్మయ్య, ఇక ఏ దొంగా దూరలేడు, నువ్వు క్షేమంగా ఉన్నావనుకుని వచ్చి వరుసలో నిలబడ్డాను."

ఆ మాఘమాసంలో వాళ్ళ పెళ్ళి జరిగింది. పెళ్ళికొడుకుతో సహా అందరూ సింహద్వారం గుండానే, పుస్తకంలో పేరు రాయించుకుని మరీ లోపలికి వచ్చారు.