రెండేళ్ల తేడా

రక్తపరీక్ష రిపోర్టు తెస్తున్న కొరియర్‌ను లిఫ్టులోనే చంపేశారు. బ్రీఫ్‌కేసు పోలేదు, లోపలి కవరూ పోలేదు. కవరు మీద సీలు మాత్రం కొత్తది.

ఫ్రీజర్ మెకానిక్ వేషంలో ల్యాబ్‌లో అడుగుపెట్టిన ఏజెంటుకు చీఫ్ చెప్పింది క్లుప్తం. పదకొండింటికి వైరస్ ఫ్రీజర్ తెరుస్తారు. తెరిచేది, ఆరు నెలలు విదేశంలో ఉండి మొన్న తిరిగొచ్చిన సైంటిస్టు. ముఖం, గొంతు, వేలిముద్రలు సరిపోయాయి. అయినా విదేశీ ముఠా నకిలీ మనిషిని దింపిందని చీఫ్‌కు అనుమానం. ఆ సైంటిస్టు ఏజెంటుకు తోడబుట్టిన అన్న. వచ్చినవాడు నకిలీ అయితే, అసలువాడు బతికి ఉన్నాడా? ఉద్యోగం పుణ్యమా అని అన్నను చూసి ఆరేళ్లయింది.

సైంటిస్టు రక్తపరీక్ష రిపోర్టు తయారుచేసిన నిపుణురాలు పట్టు స్కార్ఫ్ సర్దుకుంటూ ఎదురొచ్చింది. అందానికి అందం, తెలివికి తెలివి. రెండు పడవల మీద కాళ్లు పెట్టిందని డిపార్ట్‌మెంటులో గుసగుస. డీఎన్‌ఏ మీది మిథైల్ అనే రసాయన గుర్తులను బట్టి శరీరం వయసు లెక్కగట్టడం ఆమె పని. తీవ్రమైన వైరస్ జబ్బు చేస్తే కొందరిలో ఆ వయసు గడియారం ముందుకు పరుగెడుతుందని, కోలుకున్నాక వెనక్కీ రావచ్చని వివరించింది. నిరుడు ఐసీయూ నుంచి బయటపడ్డప్పుడు అన్న రక్తం వయసు అరవై ఒకటి.

“ఇప్పుడు యాభై రెండేళ్ల నాలుగు నెలలు. పూర్తిగా కోలుకున్నారు.”

“మీ గడియారం నెలలు కూడా చెబుతుందా?”

ఆమె భుజం మీదుగా వెనక్కి చూసి, స్కార్ఫ్ సర్దుకుని వెళ్లిపోయింది. సర్వీసు రికార్డులో అన్న వయసు సరిగ్గా అంతే. అసలు వయసు యాభై నాలుగు. బడిలో వేసేటప్పుడు నాన్న రెండేళ్లు తగ్గించి రాయించాడు. ఆ సంగతి ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు.

పదకొండుకు నిమిషం తక్కువ. సైంటిస్టు ఫ్రీజర్ తాళం మీద వేలు పెట్టబోతున్నాడు. ఏజెంటు టోపీ తీశాడు. సైంటిస్టు గుర్తుపట్టి రెండు చేతులా వాటేసుకున్నాడు. అచ్చం అన్నే. ఇతనే అన్న అయితే బాగుండునని ఏజెంటుకు ఎంతగానో అనిపించింది. అయినా అడిగాడు.

“అన్నయ్యా, మనిద్దరికీ ఎన్నేళ్లు తేడా?”

“అదేం ప్రశ్నరా? మూడేళ్లు.”

రికార్డుల లెక్క మూడే. ఇంటి లెక్క అయిదు. ఏజెంటు చొక్కా గుండీలోని మైకుకు నోరు ఆనించి కోడ్ మాట చెప్పాడు: “మంచు కరిగింది.” ఫ్రీజర్ తాళం బిగుసుకుంది. నకిలీ సైంటిస్టు చేతులకు బేడీలు పడ్డాయి.

నిపుణురాలు అన్నను దాచిన చోటి అడ్రసు రాసి ఏజెంటు చేతిలో పెట్టింది. ముఠా మనిషి పక్కనే నిలబడి కొత్త రిపోర్టు రాయించాడని, అతని ఫోన్ మాటల్లో ఈ అడ్రసు విన్నానని, నోరు విప్పే వీల్లేకపోయిందని చెప్పింది.

“నెలలు ఊరికే రాశాననుకున్నారా?”

గంటలో అన్న దొరికాడు. గడ్డం మాసి, చిక్కిపోయి, గోదాములో కుర్చీకి కట్టేసి ఉన్నాడు. తమ్ముడు కట్లు విప్పుతూ కన్నీళ్లు దాచుకోలేకపోయాడు. జరిగిందంతా విని అన్న నిట్టూర్చాడు.

“నాన్న రెండేళ్లు తగ్గించాడు, వైరస్ ఎనిమిదేళ్లు కలిపింది. నేను రిటైరయ్యేది ఎప్పుడో మీ చీఫ్‌నే తేల్చమనరా.”